తొలకరి ఎద వెనక వేసవి మేత

తొలకరి పడి రెండు మూడు వారాలు గడిచేసరికి దక్కను పల్లెల్లో మేకల మందల తీరు మారిపోతుంది. అంతవరకు తలవంచుకుని మేసిన మేకలు మేత మాని అరవడం మొదలుపెడతాయి. తోకలు టపటపా ఆడిస్తాయి. ఒకదాని మీద మరొకటి ఎక్కుతాయి. పోతులకైతే తిండి ధ్యాసే ఉండదు. మహబూబ్‌నగర్ పల్లెలో అడిగినా, అనంతపురంలో అడిగినా కాపరి చెప్పే మాట ఒక్కటే: వాన పడింది, జీవాలు ఎదకొచ్చాయి.

మాట నిజమే. అయితే మేక అండాశయానికి వాన సంగతి నేరుగా తెలియదు. దానికి తెలిసేదల్లా రక్తంలో కొన్ని రసాయనాల హెచ్చుతగ్గులు. వాన కబురు అక్కడికి చేరాలంటే ముందు గడ్డి మొలవాలి, కంపచెట్లు చిగురించాలి, మేక దాన్ని తినాలి, తిన్నది ఒంటికి పట్టాలి. పైగా ఎదకొచ్చిన రోజున విడుదలయ్యే అండం ఆ రోజు తయారైంది కాదు. అండాన్ని చుట్టి ఉండే పుటిక నిద్రాణ దశ వదిలి పూర్తిగా ఎదగడానికి గొర్రెల్లో సుమారు 6 నెలలు పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మేక గొర్రెకు దగ్గరి చుట్టమే. అంటే జూన్ ఆఖరున విడుదలైన అండం సంక్రాంతి రోజుల్లోనే ఎదగడం మొదలుపెట్టి, మండువేసవిని దాటుకుని వచ్చిందన్నమాట.

మేక పునరుత్పత్తిలో అడుగడుగునా ఇలాంటి ఆలస్యం ఉంది. ఇవాళ కొట్టంలో కనబడే ఫలితానికి కారణం మూడు వారాల కిందటో, రెండు నెలల కిందటో, ఐదు నెలల కిందటో జరిగి ఉంటుంది. ఎద రాలేదని, చూలు నిలవలేదని, పిల్ల చచ్చిపోయిందని రైతు బాధపడే నాటికి అసలు కారణం గడిచిపోయి ఉంటుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.88 కోట్లు. వీటిలో ఎక్కువ భాగం సన్నకారు రైతుల, భూమిలేని కుటుంబాల ఇళ్లలో రెండు, నాలుగు, పది చొప్పున పెరుగుతున్నవే. ఆ ఇళ్లకు ఈ ఆలస్యాల లెక్క తెలియడం ఏ మందుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

వెలుతురు చూసే మేక, మేత చూసే మేక

ఐరోపా మేకలైన సానెన్, ఆల్పైన్ జాతులు ఏడాదిలో ఒక్క కాలంలోనే ఎదకొస్తాయి. వాటికి గడియారం పగటి వెలుతురు. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది. రాత్రులు పొడుగయ్యేకొద్దీ ఆ స్రావం ఎక్కువసేపు సాగుతుంది. దాంతో పునరుత్పత్తి యంత్రాంగం మేలుకుంటుంది. శరదృతువులో కట్టిన మేక ఐదు నెలలు మోసి, మంచు కరిగి పచ్చిక లేచే వసంతంలో ఈనుతుంది. పారిస్‌లో జూన్ పగలు 16 గంటలు, డిసెంబరు పగలు 8 గంటల పైచిలుకు. అంత తేడా ఉన్నచోట వెలుతురును నమ్ముకోవడం తెలివైన పనే.

హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు 13 గంటల పైచిలుకు, అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. రెండు గంటల తేడా. ఇక్కడ మేతను శాసించేది పొద్దు కాదు, వాన. వాన ఒక ఏడు జూన్ మొదట్లో రావచ్చు, మరో ఏడు జూలై సగం గడిచాక రావచ్చు. అందుకే మన దేశవాళీ మేకలు వెలుతురుకు అంతగా కట్టుబడవు. మరాఠ్వాడాలో పుట్టి తెలంగాణ దాకా పాకిన ఉస్మానాబాదీ, బెంగాల్ నల్లమేక, కేరళ మలబారీ ఏడాదిలో ఏ నెలలోనైనా ఎదకు రాగలవు. అయినా ఈతలు ఏడాదంతా సమానంగా పరుచుకోవు. ఒకటి రెండు కాలాల్లో గుంపుగా పడతాయి. ఎందుకంటే వాటికి కళ్లెం ఒంట్లోనే ఉంది.

మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ నుంచి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడతలు విడతలుగా వెలువడుతుంది. ఒక్కో విడతకు పిట్యూటరీ గ్రంథి స్పందించి ఎల్‌హెచ్ హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఈ విడతలు దగ్గర దగ్గరగా పడితే పుటిక పూర్తిగా ఎదిగి అండాన్ని విడుదల చేస్తుంది. దూరం దూరంగా పడితే పుటిక కొన్ని మిల్లీమీటర్లు ఎదిగి అక్కడే నశిస్తుంది. విడతల వేగాన్ని నడిపేవి కిస్‌పెప్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే నాడీకణాలు. ఒంట్లో కొవ్వు ఎంతుందో చెప్పే లెప్టిన్, ఇవాళ తిన్న తిండి ఎంతో చెప్పే గ్లూకోజు, ఇన్సులిన్, వీటన్నిటి సమాచారం చివరికి ఆ కణాల దగ్గరికే చేరుతుంది. గాదెలో గింజలు చూసుకుని పెళ్లికి ముహూర్తం పెట్టుకునే ఇల్లాలి తీరే దీనిది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మేక బాగా బలిసేదాకా ఆగనక్కర్లేదు. తిండి పెరుగుతోంది అన్న సూచన చాలు. మేత మెరుగైన రెండు మూడు వారాల్లోనే, కొవ్వు ఇంకా పట్టకముందే, నశించిపోవలసిన పుటికలు కొన్ని నిలబడతాయి. తొలకరి చిగురు చేసే పని ఇదే. పోతుతో కట్టించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకు 200 నుంచి 300 గ్రాముల దాణా అదనంగా పెట్టమని పశువైద్యులు చెప్పడంలోని కిటుకూ ఇదే. అప్పటికే బలిసిన మేకకు దీనివల్ల పెద్ద లాభం లేదు. ఎండుపుల్లలా ఉన్నదానికీ అంతంతమాత్రమే. నడిమిరకం ఒళ్లున్న మేకకు బాగా పనిచేస్తుంది.

ఒళ్లు ఎలా ఉందో కంటితో చూసి చెప్పలేం, బొచ్చు మోసం చేస్తుంది. ఆఖరి పక్కటెముక దాటాక నడుము మీద చెయ్యి వేయాలి. వెన్నుపూసల అంచులు వేళ్లకు కోసుగా గుచ్చుకుంటే మేక చిక్కిపోయినట్టు. నొక్కి వెతికితే గుండ్రంగా తగిలితే కట్టించడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఎంత నొక్కినా ఎముక తగలకపోతే మితిమీరి బలిసినట్టు.

ఇరవై ఒక్క రోజుల చక్రం

చూలు కట్టని మేక సుమారు 21 రోజులకొకసారి ఎదకొస్తుంది. 18 నుంచి 24 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. ఎద 24 నుంచి 48 గంటలు ఉంటుంది. మేకలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు తోక. ఈగల్ని తోలుకునేటప్పుడు మేక తోకను ఒకటి రెండుసార్లు ఆడించి ఊరుకుంటుంది. ఎదలో ఉన్నప్పుడు ఆపకుండా అటూ ఇటూ వేగంగా ఆడిస్తుంది. మానం ఎర్రబడి ఉబ్బుతుంది. అక్కడ జిగట తీగలు కనిపిస్తాయి. మొదట నీళ్లలా తేటగా ఉండే తీగలు, గంటలు గడిచేకొద్దీ మసకబారి, ఎద ముగిసేసరికి తెల్లగా చిక్కబడతాయి. ఆ తీగలను చూసి ఎద ఎంతవరకు వచ్చిందో అనుభవమున్నవాళ్లు ఇట్టే చెప్పేస్తారు.

ఈ రంగు మార్పు ముఖ్యం. మేకలో అండం విడుదలయ్యేది ఎద మొదట్లో కాదు, మొదలైన 30 నుంచి 36 గంటల తర్వాత, అంటే ఎద చివరి భాగంలో. తేట తీగలు కనబడగానే ఒక్కసారి కట్టించి తోలుకుపోతే, అండం వచ్చే వేళకు వీర్యకణాల్లో చాలావరకు నీరసించి ఉంటాయి. అందుకే పొద్దున ఎద కనిపెడితే సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున మరోసారి దాటించడం మేలు.

ఈ దశలోనే కవలల సంగతి తేలిపోతుంది. ఒకే ఎదలో రెండు పుటికలు పగిలి రెండు అండాలు వస్తే కవలలు, మూడు వస్తే మూడు పిల్లలు. బెంగాల్ నల్లమేకలో కవలలు సర్వసాధారణం. ఉస్మానాబాదీలోనూ తరచూ కనిపిస్తాయి. పెద్ద ఒళ్లుండే జమునాపారీలో ఒంటి ఈతలు ఎక్కువ. ఫలానా పోతుతో కట్టిస్తే కవలలు పుడతాయన్న నమ్మకం చాలాచోట్ల ఉంది. ఆ ఈతలో ఎన్ని అండాలు వస్తాయన్నది పూర్తిగా తల్లి చేతిలో పని, పోతుకు అందులో పాత్ర లేదు. కాని ఆ నమ్మకాన్ని కొట్టిపారేయలేం. కవలల్ని ఈనే తల్లికి పుట్టిన పోతు ఆ గుణాన్ని తన కూతుళ్లకు ఇస్తుంది. ఫలితం కనబడాలంటే ఆ కూతుళ్లు పెరిగి ఈనాలి. పోతును ఎంచేటప్పుడు దాని ఒళ్లుతోపాటు దాని తల్లి ఈతలను కూడా అడగాలి.

అండం వదిలిన చోట కార్పస్ లూటియం అనే తాత్కాలిక గ్రంథి ఏర్పడి ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తుంది. పదహారు పదిహేడు రోజులయ్యేసరికి గర్భాశయం ఒక ప్రశ్న వేస్తుంది: లోపల పిండం ఉందా? ఉంటే, పిండాన్ని చుట్టిన పొర నుంచి ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్ వస్తుంది. ఆ జవాబు అందితే గ్రంథి నిలుస్తుంది, చూలు సాగుతుంది. అందకపోతే గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్‌ను వదిలి గ్రంథిని కరిగించేస్తుంది. మేక మళ్లీ ఎదకొస్తుంది. దీన్నే రైతులు పొర్లడం అంటారు.

పొర్లిన ప్రతి మేకా లోపమున్నది కాదు. తొలిసారి ఎదకొచ్చిన పడ్డల్లో, చాలాకాలం ఎద లేకుండా ఉండి మళ్లీ మొదలైనవాటిలో, వారం తిరక్కుండానే రెండో ఎద వస్తుంది. ప్రొజెస్టిరాన్ రుచి ఇంకా చూడని గర్భాశయం తొందరపడి గ్రంథిని కరిగించడమే దీనికి కారణం. ఆ చిన్న చక్రం తర్వాత వచ్చే ఎద సరైన ఎద. కాబట్టి వారానికే పొర్లిందంటే రెండోసారి కట్టించాలి. మూడు వారాలకు పొర్లిందంటే చూలు నిలవలేదని అర్థం. వరుసగా రెండు మూడుసార్లు అలాగే పొర్లితే పోతును కూడా అనుమానించాలి.

పోతు కంపులో ఏముంది

మేకపోతు తన మూత్రాన్ని తన గడ్డం మీదే, ముందుకాళ్ల మీదే చిమ్ముకుంటుంది. కొమ్ముల వెనక ఉన్న గ్రంథులు వేరే జిడ్డును స్రవిస్తాయి. మనిషికి ముక్కు మూసుకునేంత కంపు. మేకకు అది అండాశయాన్ని మేల్కొలిపే కబురు. కొంతకాలంగా పోతు లేని మందలోకి కొత్త పోతును వదిలితే, ఎద ఆగిపోయి ఉన్న మేకల రక్తంలో ఎల్‌హెచ్ విడతలు కొద్ది సేపట్లోనే పెరుగుతాయి. రెండు మూడు రోజుల్లో చాలావాటిలో అండం విడుదలవుతుంది. ఇంతకుముందు చెప్పిన చిన్న చక్రం చాలావాటిలో ఇక్కడా వస్తుంది. వారం పది రోజులకు మంద అంతా దాదాపు ఒకేసారి సరైన ఎదకు వస్తుంది.

ఈ కబురులోని పదార్థమేమిటో జపాన్ శాస్త్రవేత్తలు 2014లో బయటపెట్టారు. వారు ఎంచుకున్నది షిబా అనే చిన్న దేశవాళీ జాతి. మన మేకల్లాగే అది కూడా ఏడాదంతా ఎదకు రాగలదు. పోతుల తలలకు ప్రత్యేకంగా కుట్టిన టోపీలు తొడిగి, జుట్టు నుంచి వచ్చే ఆవిరులను పట్టారు. విత్తులు తీసిన పోతుల వాసనతో పోల్చి చూశారు. మామూలు పోతుల్లో ఉండి, విత్తులు తీసినవాటిలో లేని పదార్థాలను వేరుచేసి మేకలకు వాసన చూపించారు. ఆ సమయంలో వాటి మెదడులో కిస్‌పెప్టిన్ కణాలున్న చోట విద్యుత్ స్పందనలను నమోదు చేశారు. ఆ కణాల్ని ఉలిక్కిపడేలా చేసిన ముఖ్య పదార్థం 4-ఇథైల్‌ఆక్టనాల్. గాలి తగిలాక అది 4-ఇథైల్‌ఆక్టనోయిక్ ఆమ్లంగా మారుతుంది. మనం పోతు కంపు అనేది చాలావరకు దానిదే.

మేత కబురు, పోతు కబురు రెండూ వచ్చి చేరేది ఒకే కణాల గుంపుకు కావడం గమనించదగ్గది. అందుకే ఒకటి బలహీనంగా ఉన్నచోట రెండోది కొంత సాయపడుతుంది. చిన్న రైతు దీన్ని పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు. రోజూ పక్కనే తిరిగే పాత పోతు కంటే బయటినుంచి వచ్చిన కొత్త పోతు ఎక్కువ పనిచేస్తుంది. మేకలన్నీ ఒకే వారంలో కడితే ఒకే వారంలో ఈనుతాయి. కాపలా, దాణా, పిల్లల సంరక్షణ అన్నీ ఒక్కసారే తెమిలిపోతాయి.

రెండు నెలల కిందటి ఎండ

పోతు బీజాల్లో వీర్యకణం తయారవడానికి సుమారు 48 రోజులు పడుతుంది. తయారయ్యాక పక్కనున్న నాళాల్లో పక్వం కావడానికి మరో పది పన్నెండు రోజులు. మొత్తం రెండు నెలలు. ఈ పని ఒంటి వేడికన్నా నాలుగైదు డిగ్రీల తక్కువ వేడిలోనే సవ్యంగా జరుగుతుంది. బీజాలు ఒంటి బయట వేలాడుతూ ఉండేది ఇందుకే. లోపలికి పోయే రక్తనాళాన్ని చల్లటి సిరలు చుట్టుకుని దాని వేడిని లాగేస్తాయి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో రోజంతా నిలబడిన పోతులో ఈ ఏర్పాటు తట్టుకోలేకపోతుంది. జూలైలో అదే పోతు హుషారుగా దాటుతుంది, మేకలు మాత్రం పొర్లుతాయి. తప్పు మేకలదని అమ్మేసుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో పోతుకు చెట్టునీడ, తగినన్ని నీళ్లు, పిడికెడు దాణా అందితే జూలైలో చూలు నిలుస్తుంది.

రెండు మూడు మేకలున్న ఇంట్లో పోతు ఉండదు. ఊళ్లో ఎవరి మందలోనో ఉన్న పోతే అందరికీ దిక్కు. అది ఎలాంటిదన్నది మాంసం బేరం తేలుస్తుంది. చురుగ్గా పెరిగిన పోతుపిల్లకు బక్రీదుకో దసరాకో మంచి ధర పలుకుతుంది, వెళ్లిపోతుంది. ఎవరూ కొనని బక్కది మిగిలిపోయి ఊరి మేకలన్నిటికీ విత్తనపు పోతవుతుంది. ఏడాది తర్వాత ఏడాది ఇలా ఎంపిక తలకిందులుగా సాగుతుంటే జాతి గిడసబారిపోయిందని అంటాం. నిజానికి గిడసబారేలా మనమే ఏరుతున్నాం. దీనికి తోడు పోతుపిల్లలు నాలుగైదు నెలలకే దాటగలవు. తల్లి, చెల్లెలు అన్న తేడా వాటికుండదు. నాలుగో నెలలోనే పోతుపిల్లల్ని వేరుచేయడమో, విత్తులు నొక్కించడమో చేయాలి. ఒక పోతు 20, 25 మేకలకు సరిపోతుంది. దాని కూతుళ్లు ఎదకొచ్చే వేళకు, అంటే రెండేళ్లలోపు, దాన్ని పక్క ఊరి పోతుతో మార్చుకోవాలి.

పోతును ఎంచేటప్పుడు కొమ్ముల్ని కూడా చూడాలి. కొమ్ముల్లేని బోడి పోతును బోడి మేకతో కట్టిస్తే పుట్టే ఆడపిల్లల్లో కొన్ని ఆడా మగా కాని లక్షణాలతో గొడ్డుగా మిగులుతాయి. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2001లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. కొమ్ములు రాకుండా చేసే మార్పు, ఆడపిల్లలో అండాశయం సరిగా ఏర్పడకుండా చేసే మార్పు రెండూ ఒకటే: క్రోమోజోములో 11,700 అక్షరాల పొడవున్న ఒక ముక్క లేకపోవడం. జంటలో ఒకదానికైనా కొమ్ములుంటే ఈ ఇబ్బంది రాదు.

ఆవులకు ఊరూరా కృత్రిమ గర్భధారణ సూదులు అందుతుంటే మేకలకు ఎందుకు అందవని ఎవరైనా అడగవచ్చు. ఒక కారణం మేక వీర్యంలోనే ఉంది. వీర్యాన్ని గడ్డకట్టించి దాచడానికి కోడిగుడ్డు పచ్చసొన కలపడం మామూలు. మేకపోతు వీర్యంలోని ఒక ఎంజైము ఆ సొనను విరగ్గొట్టి వీర్యకణాలకే విషంగా మారుస్తుంది. 1957లో ఎ. రాయ్ అనే పరిశోధకుడు ఈ ఎంజైమును నేచర్ పత్రికలో వివరించాడు. వీర్యకణాల్ని కడిగి ఆ ద్రవాన్ని తొలగించడం వంటి పద్ధతులు వచ్చాయి గాని పని పెరిగింది, ఖర్చు పెరిగింది. మథుర దగ్గర మఖ్‌దూమ్‌లో 1979లో ఏర్పడిన కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ వంటివి ఈ పద్ధతుల మీద పనిచేస్తున్నాయి. పల్లెలో ఇప్పటికీ మంచి పోతే దారి.

నూట యాభై రోజులు

మేక చూలు సుమారు 150 రోజులు. గొర్రెలో రెండో నెల దాటాక చూలును నిలిపే ప్రొజెస్టిరాన్‌ను మాయే తయారుచేసుకుంటుంది. మేకలో అలా కాదు. తొలినాడు ఏర్పడిన ఆ చిన్న కార్పస్ లూటియమే 150 రోజులూ భారం మోయాలి. అది ఏ రోజున కరిగితే ఆ రోజుతో చూలు పోతుంది. ఎద కోసం ఆవులకు వేసే ప్రోస్టాగ్లాండిన్ సూదిని చూడి మేకకు పొరపాటున వేస్తే జరిగేది ఇదే. కరువు తాకిడికి కూడా చూలు తెగవచ్చు. దక్షిణాఫ్రికాలోని అంగోరా మేకలు చూలు మధ్యలో తిండి చాలకపోతే ఈసుకుపోతాయన్నది బాగా తెలిసిన సంగతి.

మొదటి మూడు నెలలు బయటికి ఏమీ కనబడదు. పిండం బరువులో మూడింట రెండొంతులు ఆఖరి 50 రోజుల్లోనే పెరుగుతుంది. అదే సమయంలో పెరిగిన గర్భాశయం మేక పొట్టను నొక్కుతుంది. తినాల్సింది ఎక్కువ, పట్టే చోటు తక్కువ. కవలలు ఉన్నప్పుడు ఈ ఇరకాటం రెట్టింపవుతుంది. ఎండు మేత ఎంత వేసినా చాలదు. మేక తన కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. మితిమీరితే రక్తంలో కీటోన్లు పేరుకుని, తిండి మానేసి, మందకు దూరంగా నిలబడి, చివరికి పడిపోతుంది. ఆఖరి నెలన్నర రోజూ కొంచెం జొన్నలో, మొక్కజొన్నలో, తౌడో చెక్కో పడితే ఈ ఆపద చాలావరకు తప్పుతుంది. పుట్టే పిల్లల బరువు, తల్లి పొదుగులో పాలు కూడా ఈ నెలన్నరలోనే తేలిపోతాయి.

మందలో ఒకటి తర్వాత ఒకటి నెలలు నిండేవేళ ఈసుకుపోతుంటే బ్రూసెల్లా సూక్ష్మజీవిని అనుమానించాలి. 1887లో డేవిడ్ బ్రూస్ మాల్టా ద్వీపంలో మనుషుల జ్వరానికి కారణమైన ఈ సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది మేకల పాల ద్వారా వస్తోందని 1905లో తెమిస్టోక్లెస్ జామిట్ తేల్చాడు. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. కుక్కలకు వేయకుండా లోతుగా పాతిపెట్టాలి. పాలు కాచకుండా తాగకూడదు.

ఈత, నాకుడు, జున్నుపాలు

ఈనే వేళను నిర్ణయించేది తల్లి కాదు, పిల్ల. పుట్టడానికి సిద్ధమైన పిల్ల అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ పెరుగుతుంది. ఆ ప్రభావంతో మాయలో ఈస్ట్రోజెన్ తయారీ ఊపందుకుంటుంది, ప్రోస్టాగ్లాండిన్ వెలువడి ఐదు నెలలు కాపుకాసిన కార్పస్ లూటియంను కరిగిస్తుంది. ఉమ్మనీటి సంచి కనబడుతుంది. దాని వెనక రెండు ముందుకాళ్ల గిట్టలు, వాటిమీద ఆన్చిన ముట్టె. ఈ తీరున వస్తే చెయ్యి పెట్టాల్సిన పని లేదు.

పిల్ల నేలమీద పడగానే తల్లి నాకడం మొదలుపెడుతుంది. శుభ్రం చేయడం ఒక్కటే దాని ఉద్దేశం కాదు, ఆ పిల్ల వాసనను గుర్తుపెట్టుకుంటోంది. 1964లో పీటర్ క్లాప్‌ఫర్ బృందం చేసిన ప్రయోగంలో, పుట్టిన వెంటనే 5 నిమిషాలు పిల్లను తల్లి దగ్గర ఉంచి తర్వాత వేరుచేస్తే, గంటల తర్వాత తిరిగి తెచ్చినా తల్లి దాన్ని చేరనిచ్చింది. ఆ 5 నిమిషాలు కూడా ఇవ్వకుండా వేరుచేసిన పిల్లల్ని చాలా తల్లులు కొమ్ములతో తోసేశాయి. కవలల్లో రెండోది వస్తుండగా మొదటిదాన్ని ఎత్తుకుపోయి తుడిచి దూరంగా పడుకోబెట్టడం మంచి ఉద్దేశంతో చేసే చెడు. దాన్ని తల్లి ముక్కు దగ్గరే ఉంచాలి.

మేక మాయ తల్లి రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్లను పిల్లకు దాటనివ్వదు. పిల్ల ఏ రక్షణా లేకుండా పుడుతుంది. ఆ రక్షణ అంతా జున్నుపాలలో ఉంటుంది. పిల్ల పేగు ఆ ప్రొటీన్లను యథాతథంగా పీల్చుకునేది తొలి 24 గంటలే. అందులోనూ తొలి గంటల్లో ఎక్కువ. తర్వాత ఎన్ని పాలు తాగినా అవి ఆహారమే, రక్షణ కాదు. మాయ పడేదాకా పిల్లను పాలకు వదలకూడదన్న ఆచారం చాలా ఊళ్లలో ఉంది. శరీరం పనిచేసే తీరు దీనికి సరిగ్గా ఎదురు. పిల్ల చీకినప్పుడు తల్లి మెదడు నుంచి వచ్చే ఆక్సిటోసిన్ పాలను దించడమే కాదు, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసి మాయ పడడానికి సాయం చేస్తుంది. ముందు పాలు, తర్వాత మాయ.

రెండేళ్లకు మూడు ఈతలు

చూలు 150 రోజులు. ఈనాక గర్భాశయం సర్దుకుని, తల్లి ఒళ్లు తేరుకుని మళ్లీ కట్టడానికి కనీసం 90 రోజులు. మొత్తం 240 రోజులు, 8 నెలలు. రెండేళ్లలో మూడు ఈతలు వస్తాయని పుస్తకాల్లో రాసేది ఈ లెక్కతోనే. అది దక్కను నేలమీద ఎలా నడుస్తుందో చూద్దాం.

జూలై మొదట్లో కట్టిన మేక డిసెంబరు మొదట్లో ఈనుతుంది. కడుపులో పిల్ల చురుగ్గా పెరిగిన ఆఖరి రెండు నెలలు పచ్చిమేత ఉన్న రోజులు. మంచి ఈత. మళ్లీ మార్చిలో నల్లతుమ్మ కాయలు రాలే వేళకు కడితే ఆగస్టులో ఈనుతుంది. తల్లికి పాలుంటాయి, పిల్లలకు మాత్రం తడి, నెమ్ము, పొట్టపురుగుల బెడద. కొట్టంలో నేల పొడిగా ఉంచి, పురుగుల మందు వేళకు తాగిస్తే గట్టెక్కుతాయి. నవంబరులో మూడోసారి కడితే ఏప్రిల్‌లో ఈనాలి. ఇక్కడ చిక్కుంది. ఆఖరి నెలన్నర మార్చి ఎండల్లో, పాలివ్వాల్సిన రోజులు మే నెలలో పడతాయి. ఆ తల్లి జూలైకి ఎముకలగూడుగా మిగిలితే తొలకరి ఎద తప్పుతుంది. మొదటి ఈతతో మొదలైన చక్రమే తెగిపోతుంది.

మేత చాలని ఇంట్లో దేశవాళీ మేక మార్చిలోనో నవంబరులోనో ఎదకు రాకుండా ఊరుకుంటుంది. దాన్ని బద్ధకం జాతి అనో, ఉత్పాదకత లేనిదనో అంటుంటారు. పెద్ద ఒళ్లున్న జాతి పోతుల్ని తెచ్చి సంకరం చేస్తే బాగుపడుతుందని కూడా అంటారు. పెద్ద ఒంటికి పెద్ద మేత కావాలి, వేసవి మేత మాత్రం అంతే ఉంటుంది. ఎదను ఆపుకోగలగడం ఈ మేక లోపం కాదు. దక్కను కరువుల్లో తల్లిని బతికించి మరుసటి వానకు మళ్లీ ఈనేలా చేసిన గుణం అదే.

అందువల్ల మూడు ఈతలా రెండు ఈతలా అన్నది జాతిని బట్టి తేల్చేది కాదు, ఇంటిని బట్టి తేల్చేది. తేల్చాల్సిన వేళ నవంబరు. దొడ్లో వేరుశనగ కట్టె వామి ఉండి, కందిపొట్టు చేతికొస్తుందన్న ధీమా ఉండి, గట్ల మీద సుబాబుల్ నిలిచి ఉంటే పోతును వదలవచ్చు, ఏప్రిల్ ఈత దక్కుతుంది. అవేవీ లేని ఇంట్లో నవంబరు నుంచి పోతును వేరుగా కట్టేసి, జూలై దాకా ఆగడమే లాభం. అలా ఆగిన ఇంటికి రెండేళ్లలో ఒక ఈత తగ్గవచ్చు. అమ్మకానికి ఎదిగే పిల్లలు మాత్రం తగ్గవు.